పెద్ద అంకె ఉన్న ఐపీసే కొనండి

మా మేనల్లుడు తణుకు నుంచి రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేశాడు. పుట్టినరోజుకి కొనిపెట్టిన టెలిస్కోప్‌ని ఆ రోజే డాబా మీదికి ఎక్కించారట. "మావయ్యా, గురుడు దొరకట్లేదు. నాలుగు ఎంఎం ఐపీస్ పెట్టి అరగంట నుంచి వెతుకుతున్నా" అన్నాడు ఏడుపు గొంతుతో. అది తీసేసి ఇరవై అయిదు పెట్టమన్నాను. "అది ఇరవయ్యారు రెట్లేగా మావయ్యా, ఏం కనిపిస్తుంది?" అని వాడి అనుమానం. ముందు పెట్టి చూడరా అన్నాను. ఫోన్ గట్టు మీద పెట్టిన చప్పుడు, వాళ్ళమ్మతో ఏదో అనడం, తర్వాత కాసేపు ఏమీ లేదు. "గుండ్రంగా ఉంది మావయ్యా! పక్కన మూడు చుక్కలు ఒకే వరసలో ఉన్నాయి. ఆగు, నాలుగు!"

1610 జనవరి 7న పాడువాలో గెలీలియో చూసింది ఆ చుక్కలనే. మొదటి రాత్రి ఆయనకీ మూడే కనిపించాయి, నాలుగోది తేలడానికి వారం పట్టింది. ఆయన గొట్టం చూపించినది ఇరవై రెట్లే. మా వాడి చేతిలో ఉన్నది అంతకంటే మెరుగైన పనిముట్టు. వాణ్ణి అరగంట ఏడిపించినది "ఎక్కువ పవర్" అన్న మాట.

తక్కువ ధరలో మంచి ఐపీస్ ఏది అని నన్ను అడిగినవాళ్ళందరూ ఆ మాట వెంటే తెచ్చుకుంటారు. శని వలయాలు పెద్దగా కనబడాలి, చంద్రుడి గుంటల్లోకి దిగిపోవాలి, రెండు మూడు వేలు పెట్టగలం, ఏది కొనమంటారు? నా జవాబు వాళ్ళకి తలకిందులుగా వినిపిస్తుంది. ఉన్నవాటిలో తక్కువ పెద్దదిగా చూపించే ఐపీస్ ఒక్కటి ఉంచుకోండి, ఏడాది పాటు ఇంకోటి కొనకండి అంటాను. నన్ను పిసినారి అనుకున్నవాళ్ళూ ఉన్నారు. కాకినాడలో మా డాబా మీద పన్నెండేళ్ళు చూసి, నలుగురికి చూపించి, నాలుగు చోట్ల డబ్బు పోగొట్టుకున్నవాళ్ళని చూసి చెబుతున్న మాట ఇది.

లెక్క పదో తరగతి పిల్లలకి తెలిసిందే. టెలిస్కోప్ నాభ్యంతరాన్ని అక్షికటకం, అంటే ఐపీస్, నాభ్యంతరంతో (దాని మీదుండే మి.మీ. అంకెతో) భాగిస్తే ఆవర్ధనం వస్తుంది. 650 మి.మీ. టెలిస్కోప్‌లో 25 పెడితే 26 రెట్లు, 10 పెడితే 65, 4 పెడితే 162. ఐపీస్ మీద అంకె పెరిగేకొద్దీ బొమ్మ చిన్నదవుతుంది. అంకె పెద్దదైతే గొప్ప అనుకుని 25 కొన్నవాళ్ళు తెలియక మంచి పని చేసినట్టు. తెలిసి 4 కొన్నవాళ్ళే మోసపోతున్నారు.

ఆ 162 రెట్లలో ఏం పోతుందో చూడండి. చవక 4 మి.మీ. ఐపీస్ తెరిచే ఆకాశం పావు డిగ్రీ, అంటే నిండు చంద్రుడి అడ్డుకొలతలో సగం. 25 మి.మీ. ప్లోసల్ తెరిచేది దాదాపు రెండు డిగ్రీలు, నలుగురు చంద్రుళ్ళు పక్కపక్కన పడతారు. వైశాల్యంలో చూస్తే అరవై రెట్ల తేడా. గ్రహాన్ని వెతకడం అంటే పెరట్లో వెతకడమా, దోసిట్లో వెతకడమా అన్నంత తేడా. ఎలాగో దొరికించుకున్నారే అనుకుందాం. భూమి తిరుగుతోంది కదా, పావు డిగ్రీ దాటిపోవడానికి గ్రహానికి ఒక్క నిమిషం చాలు. అమ్మని పిలిచి, ఆవిడ చేయి తుడుచుకుని వచ్చేసరికి గురుడు వెళ్ళిపోయి ఉంటాడు. పైగా అదే వెలుగు అంత పెద్ద బొమ్మ మీద పరుచుకోవడంతో మసక వస్తువులు 26 రెట్లలో ఉన్న కాంతిలో నలభయ్యో వంతుకి పడిపోతాయి. స్టాండు మీద వేలు తగిలితే ఆ వణుకూ 162 రెట్లే.

చవక టెలిస్కోప్ డబ్బాల మీద "525 రెట్లు" అని అచ్చు వేస్తారు. అది ఎలా వచ్చిందో తెలిస్తే ఆ డబ్బా జోలికి వెళ్ళరు. గొట్టం నాభ్యంతరం 700. దాన్ని 4తో భాగిస్తే 175. దానికి మూడింతలు చేసే బార్లో కటకం తగిలిస్తే 525. లెక్కలో తప్పు లేదు. కానీ ముందున్న గాజు అడ్డుకొలత 60 మి.మీ.. మిల్లీమీటరుకి రెండు రెట్లు, ఎంత మంచి కటకానికైనా అదే హద్దు. 60కి 120 దాటితే బొమ్మ పెరుగుతుంది గానీ అందులో కొత్త వివరం ఒక్కటీ చేరదు. గచ్చు డాబా మీద ఎండాకాలం రాత్రి ఆ 120 కూడా అందదు. పగలంతా తాగిన వేడిని కాంక్రీటు పదింటిదాకా వదులుతూనే ఉంటుంది, ఆ గాలి తెరలోంచి చూస్తే శని పొయ్యి మీద మరిగే నీళ్ళ అడుగున ఉన్న నాణెంలా కదులుతాడు. వీలుంటే టెలిస్కోప్‌ని పెరట్లో మట్టి మీద పెట్టండి. ఖర్చు లేని ఈ పని మంచి ఐపీస్ కొన్నంత మేలు చేస్తుంది.

ముందుగా మీ డబ్బాలో వచ్చినదేమిటో చూడండి. ఐపీస్ మీద అంకె పక్కన అక్షరాలుంటాయి. హెచ్ అంటే హైగెన్స్ రకం, రెండే గాజులు, పదిహేడో శతాబ్దపు అమరిక. ఎస్ఆర్ అంటే రామ్స్‌డెన్ జాతి, అదీ రెండు గాజులదే, పద్దెనిమిదో శతాబ్దానిది. కె ఉంటే కెల్నర్, 1849లో జర్మనీలో కార్ల్ కెల్నర్ చేసిన మూడు గాజుల అమరిక. పీఎల్ అని ఉంటే ప్లోసల్. వియన్నాలో గియోర్గ్ ప్లోసల్ 1860లో రెండు జంట కటకాలను ఎదురెదురుగా పెట్టి చేశాడు. నాలుగు గాజులు, యాభై డిగ్రీల చూపు. నూట అరవై ఏళ్ళు దాటినా ఇవాళ్టికీ తక్కువ డబ్బుకి ఎక్కువ పని చేసేది ఇదే.

డబ్బాలో 25 కెల్నర్ గానీ ప్లోసల్ గానీ ఉంటే ఏమీ కొనకండి. నిజంగానే అంటున్నాను, ఒక్క రూపాయి ఖర్చు పెట్టకండి. వచ్చింది హెచ్ అయితేనో, ప్లాస్టిక్ గాజైతేనో అప్పుడు ఒక ప్లోసల్ కొనండి. 25 కొనాలా, 32 కొనాలా అన్నది మీ గొట్టాన్ని బట్టి. నాభ్యంతరాన్ని అద్దం అడ్డుకొలతతో భాగించండి. 650ని 130తో భాగిస్తే 5. ఇలాంటి పొట్టి గొట్టానికి 25 సరిపోతుంది, దాన్నుంచి బయటికొచ్చే కాంతికడ్డీ లావు 25 బై 5, అంటే 5 మి.మీ.. 32 పెడితే ఆరున్నరకి దగ్గరవుతుంది. యాభై దాటినవాళ్ళకి చీకట్లోనూ కంటిపాప అంత విచ్చుకోదు, వచ్చిన వెలుగులో కొంత కనుగుడ్డు మీద పడి వృథా అవుతుంది. అదే 150 అడ్డుకొలత, 1200 నాభ్యంతరం ఉన్న డాబ్సోనియన్ అయితే 32 కళ్ళు మూసుకుని కొనండి. 70 బై 700 కటకం గొట్టానికీ అదే మాట. 40 మాత్రం వద్దు. అంగుళం పావు ఐపీస్ గొట్టంలో 32 ప్లోసలే పట్టగలిగినంత ఆకాశాన్ని పట్టేస్తుంది. 40 చూపించేదీ అంతే మేర, కాకపోతే చిన్న కిటికీలోంచి.

ఇక ఏడాది మాట. ఒకటే ఐపీస్‌తో ఏడాదా అని ముఖం చిట్లించకండి. హైగెన్స్ 1655 మార్చిలో శని ఉపగ్రహం టైటన్‌ని కనిపెట్టినప్పుడు ఆయన టెలిస్కోప్ సుమారు యాభై రెట్లది. దాని ముందు గాజు మన పిల్లల టెలిస్కోప్ గాజు కంటే పెద్దదేమీ కాదు. శని వలయం ఉందని తెలియడానికి 30 రెట్లు చాలు.

పైగా మన పంచాంగంలో ఉన్న నక్షత్రాల చుట్టూ ఉన్న గుంపులన్నీ తక్కువ రెట్లకే అందాన్నిస్తాయి. కృత్తికని మనవాళ్ళు పిల్లలకోడి అన్నారు. కోడీ పిల్లలూ ఒకే చూపులో పట్టాలంటే డిగ్రీన్నర పైన ఆకాశం కావాలి, 65 రెట్లు పెడితే తల్లి ఒక వైపు, పిల్లలు ఒక వైపు. పుష్యమి దగ్గర కంటికి మరకలా కనిపించేది 26 రెట్లలో తేనెటీగల తుట్టె. మూల దగ్గర, తేలు కొండికి పక్కన ఎం7 గుంపు ఉంది. యూరప్ వాళ్ళకి అది నేలని రాసుకుంటూ పోతుంది. మనకి హైదరాబాద్ నుంచి చూసినా ముప్ఫై ఎనిమిది డిగ్రీల ఎత్తుకి వస్తుంది, జూలైలో మబ్బు విడిచిన ఏ రాత్రైనా చూడండి. ఓరియన్ నెబ్యులాకి చుట్టూ నల్లని ఆకాశం కాస్త కనిపిస్తేనే రెక్కలు విప్పినట్టుంటుంది. వీటన్నిటికీ ఆ ఒక్క ఐపీస్ చాలు.

ఒకే గాజులోంచి చూడగా చూడగా కంటికి ఒక కొలత వస్తుంది. ఈ చుక్కకీ ఆ చుక్కకీ మధ్య ఎంత దూరమో చూపులోని వెడల్పుతో చెప్పగలుగుతారు. పటంలో ఉన్నది ఆకాశంలో ఎంత ఉంటుందో తెలుస్తుంది. నాలుగు ఐపీసులు మార్చి మార్చి పెట్టేవాళ్ళకి ఇది రాదు. నేను చూశాను, ఆరు ఐపీసుల పెట్టె తెరిచి మొదటి గంటంతా ఏది పెట్టాలో తేల్చుకోలేక, చలికి లోపలికి పోయినవాళ్ళని.

కొత్త ఐపీస్ కొనాలన్న కోరిక పుట్టించేది చాలాసార్లు ఐపీస్ కాదు, అద్దం. న్యూటోనియన్ గొట్టంలో రెండు అద్దాలుంటాయి. ఊరి నుంచి ఊరికి కుదుపుల్లో వచ్చేసరికి అవి వరస తప్పుతాయి. అప్పుడు ఏ ఐపీస్ పెట్టినా చుక్క తోకచుక్కలాగే ఉంటుంది. నిందంతా ఐపీస్ మీద పడుతుంది, ఇంకోటి కొంటారు, అదీ బాగాలేదంటారు. పరీక్ష తేలిక. కాస్త వెలుగున్న నక్షత్రాన్ని చూపు మధ్యలో పెట్టి, ఫోకస్ కొంచెం తప్పించండి. గారెలా మధ్యలో చిల్లున్న వలయం కనిపిస్తుంది. చిల్లు సరిగ్గా మధ్యలో ఉంటే అద్దాలు బాగున్నట్టే. ఒక పక్కకి ఒరిగితే గొట్టం వెనకాల ఉన్న మరలు తిప్పి సరిచేసుకోవాలి. మొదటిసారి గంట పడుతుంది, పదోసారి మూడు నిమిషాలు. నాభ్యంతరం అడ్డుకొలతకి అయిదింతలే ఉన్న పొట్టి గొట్టాల్లో ఈ తప్పు మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఇది నేర్చుకోకుండా ఐపీస్ కొనడం, కళ్ళజోడు తుడవకుండా దాని నంబరు మార్పించడం లాంటిది.

అయిదారు ఐపీసులు, బార్లో, రంగు ఫిల్టర్లు కలిపి అల్యూమినియం పెట్టెలో వచ్చే సెట్టు కొనకండి. అందులో మీకు పనికొచ్చేవి రెండు, మిగిలినవి పెట్టెలోనే ఉండిపోతాయి. జూమ్ ఐపీస్ కూడా మొదటి ఏడు వద్దు. 8 నుంచి 24 దాకా తిరిగే మామూలు జూమ్‌లు 24 దగ్గర నలభై డిగ్రీలే చూపిస్తాయి. వెడల్పు కావాల్సిన చోటే ఇరుకవుతాయి.

ఆ సెట్టులో గానీ టెలిస్కోప్ డబ్బాలో గానీ "సన్" అని రాసిన నల్లటి గాజు ఒకటి, ఐపీస్‌కి బిగించేది, ఉందేమో వెతకండి. ఉంటే ఇవాళే సుత్తి పెట్టి పగలగొట్టి పారేయండి. పిల్లలకి దొరికే చోట ఉంచకండి. టెలిస్కోప్ పోగుచేసిన ఎండంతా ఆ గాజు మీదే పడుతుంది. వేడికి అది చూస్తుండగా పగిలితే, రెప్ప వేసేలోగా కన్ను పోతుంది. సూర్యుణ్ణి చూడాలంటే ఫిల్టర్ గొట్టం ముందు భాగాన్ని పూర్తిగా కప్పేలా ఉండాలి. వేరే దారి లేదు. ఈ వ్యాసంలో మిగతావన్నీ మరిచిపోయినా ఇది గుర్తుపెట్టుకోండి.

కొత్తది కాకుండా వాడినది కొనండి. ఇదీ చాలామందికి రుచించని సలహా. ఐపీస్‌లో తిరిగే భాగాలు లేవు, అరిగేదేమీ లేదు. ఇరవై ఏళ్ళు వాడిన ప్లోసల్ కొత్తదానిలాగే చూపిస్తుంది. చేతికి తీసుకుని, వెనక నుంచి సెల్‌ఫోన్ టార్చి వేసి, వాలుగా చూడండి. దుమ్ము ఉంటే పర్వాలేదు. సాలెగూడులాంటి సన్నని దారాలు కనిపిస్తే అది బూజు, ఊరికే ఇచ్చినా వద్దనండి. దూరాన ఉన్న అమ్మకందారు ఫొటో చూసి నేనొకసారి కొన్నాను. వచ్చినదాని లోపలి గాజు మీద బూజు వేళ్ళూనుకుని ఉంది, పూత తినేసింది. డబ్బు వెనక్కి రాలేదు. అప్పటి నుంచి చేత్తో పట్టుకుని చూడకుండా ఏదీ కొనలేదు.

కోస్తాలో ఉండేవాళ్ళకి ఐపీస్‌కి శత్రువు ఆ బూజే. వానాకాలంలో తోలు సంచిలో పెట్టి బీరువాలో దాచకండి. మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలో, మందుల సీసాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు నాలుగు వేసి ఉంచండి. రాత్రి మంచు పట్టిన ఐపీస్‌ని వెంటనే మూత పెట్టకండి, గదిలో ఆరనివ్వండి.

తుడవకండి. రోజూ మెత్తటి గుడ్డతో తుడిచేవాళ్ళ ఐపీసులే ముందు పాడవుతాయి. పది దుమ్ము కణాలున్నా గురుడికి ఏమీ కాదు. ఆ కణాలనే గుడ్డతో రుద్దితే పూత మీద గీతలు పడతాయి, అవి పోవు. రబ్బరు ఊదుడు బుడ్డితో ఊదండి, చాలు. నోటితో ఊదితే తుంపర పడుతుంది. కాటుక కళ్ళు అంటుకుని జిడ్డు పట్టినప్పుడు మాత్రం కెమెరా లెన్సుల ద్రవంతో దూది తడిపి, నొక్కకుండా, ఏడాదికి ఒకటి రెండుసార్లు.

కళ్ళజోడున్నవాళ్ళు దాన్ని తీసి చూడండి. దూరపు చూపు, దగ్గరి చూపు తేడా ఏదైనా ఫోకస్ మరతో సర్దుకుంటుంది. సిలిండర్ నంబరు ఎక్కువ ఉన్నవాళ్ళకి మాత్రం జోడు కావాలి. వాళ్ళు 32 ప్లోసల్ తీసుకుంటే కంటికీ గాజుకీ మధ్య జోడు పట్టేంత చోటు ఉంటుంది.

ఖగోళ క్లబ్బుల రాత్రి సమావేశాలకి వెళ్ళండి, అందరి టెలిస్కోపుల్లోనూ చూడండి. ఒకటి మాత్రం మొదటి ఏడాది తప్పించుకోండి, ఎనభై రెండు డిగ్రీల ఐపీస్. అమెరికాలో ఆల్ నాగ్లర్ అపోలో వ్యోమగాముల శిక్షణ యంత్రాలకి వెడల్పు కటకాలు చేసిన మనిషి, ఆ తర్వాత టెలిస్కోపులకి అలాంటి చూపే తెచ్చాడు. గాజులోకి కాకుండా కిటికీలోంచి బయటికి తల పెట్టినట్టుంటుంది. అది చూసి ఇంటికొచ్చాక మీ ప్లోసల్ గొట్టంలోంచి చూసినట్టు అనిపిస్తుంది, నెల తిరక్కుండా టెలిస్కోప్ ధరకి మించిన ఐపీస్ కొనేస్తారు. ముందు మీ కన్ను మీ ఐపీస్‌కి అలవాటు పడాలి.

ఏడాది అయ్యాక రెండోది కొనండి. అంకె ఎంత ఉండాలో మీ గొట్టమే చెబుతుంది. ఇందాక భాగించి తెచ్చుకున్న అంకె దగ్గర్లో ఉన్నది తీసుకోండి. 5 వచ్చిన గొట్టానికి 6 మి.మీ., 8 వచ్చిన గొట్టానికి 9 మి.మీ.. 130 గొట్టంలో 108 రెట్లు, 150 డాబ్సోనియన్‌లో 133 రెట్లు. మన గాలికి ఎక్కువ రాత్రులు నిలిచే హద్దు అదే. ఇక్కడ ప్లోసల్ వద్దు. 6 మి.మీ. ప్లోసల్‌లో కన్ను గాజుకి ఆనించాలి, రెప్పవెంట్రుకలు రాసుకుంటాయి. బంగారు గీత ఉన్న అరవై ఆరు డిగ్రీల ఐపీసులు వస్తాయి, చాలా పేర్లతో అమ్ముతారు, లోపల సరుకు ఒకటే. వాటిలో 6, 9 బాగుంటాయి, కన్ను దూరంగా పెట్టి హాయిగా చూడొచ్చు. అదే వరసలోని 15, 20 మాత్రం పొట్టి గొట్టాల్లో అంచుల దగ్గర చుక్కల్ని సాగదీస్తాయి. అవి కొనకండి.

మా మేనల్లుడు ఇంకా ఆ 25తోనే ఉన్నాడు. కార్తీక పున్నమికి వాడి డాబా మీద చూద్దామన్నాడు. ఆ రోజు వద్దన్నాను, చంద్రుడు కృత్తిక దగ్గరే ఉంటాడు, వెన్నెలకి పిల్లలకోడి వెలవెలబోతుంది. పున్నమి దాటి వారం అయ్యాక చూద్దామన్నాను. చంద్రుడు అర్ధరాత్రికి గానీ లేవడు, తొమ్మిదింటికల్లా కోడి తూర్పున బాగా పైకి వస్తుంది. మీరూ ఆ రాత్రే చూడండి, మీ దగ్గరున్న పెద్ద అంకె ఐపీస్ పెట్టి.